పాసు నుంచి పాస్‌పోర్టు దాకా

మా మేనకోడలి కొడుక్కి రెండేళ్లు. వాడి నాన్న మస్కట్‌లో ఏసీ మెకానిక్. తల్లీబిడ్డల్ని కొన్నాళ్లు తన దగ్గరుంచుకోవాలని పోయిన ఏడాది ఇద్దరికీ పాస్‌పోర్టులకు పెట్టించాడు. పెద్దవాళ్లకైతే పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే కూర్చోబెట్టి ఫోటో తీస్తారు, మనం పట్టుకెళ్లక్కర్లేదు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఫోటో మనమే తీసుకెళ్లాలి. నాలుగున్నర సెంటీమీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు, వెనకంతా తెలుపు.

ఘంటసాల మండలంలోని మా ఊరి నుంచి పిల్లాణ్ణి ఒక స్టూడియోకి తీసుకెళ్లాం. స్టూడియో అబ్బాయి నీలం తెర ముందు తీశాడు. తెర రంగు కంప్యూటర్లో మార్చేస్తానన్నాడు, మార్చాడు కూడా. చెవుల దగ్గర ఆ నీలం కొంచెం మిగిలింది. పిల్లాడు నిలబడడు కాబట్టి మా మేనకోడలు వెనకనుంచి చంకల కింద పట్టుకుంది, ఆమె వేళ్లు నాలుగు పడ్డాయి. బుగ్గమీద మా అమ్మ పెట్టిన దిష్టిచుక్క, రూపాయి బిళ్లంత. అన్నిటికంటే వింత, మా నల్లనయ్య తెల్లగా వచ్చాడు. 'బాగుంటుందని కొంచెం తేల్చానండీ' అన్నాడు ఆ అబ్బాయి. కౌంటరు దగ్గర ఆ ఫోటో చెల్లదన్నారు. ఇంకొకటి తెమ్మన్నారు.

ఇంటికొచ్చి మళ్లీ ఫోటో దిగాలంటే మా అమ్మ ఒప్పుకోలేదు. 'ఒకసారి మొహం ఇచ్చాంగా, మళ్లీ ఎందుకివ్వాలి?' అంది. ఆమెకు ఎనభై దాటాయి. 'మొహం ఇవ్వడం' అన్న మాట నాకు కొత్తగా అనిపించి అడిగాను. 'మా అయ్య వేళ్లిచ్చాడు. పదీ ఇచ్చాడు. ఇచ్చినాక పోనిచ్చారా?' అంది.

మా తాత చిన్నతనం ఒక సెటిల్‌మెంటులో గడిచింది. మేం ఎరుకలవాళ్లం. ఈ వ్యాసం ఆ ఒక్క మాట పట్టుకుని వెతికితే దొరికిన సంగతులు. ఫోటో అంటే మన పిల్లలు సెల్ఫీ అనుకుంటారు. తెల్లగోడ ముందు, నవ్వకుండా, ఎదురుగా చూస్తూ దిగే ఫోటోకి మాత్రం వేరే చరిత్ర ఉంది. అందులో మనవాళ్లూ ఉన్నారు, పేర్లు లేకుండా.

ముందు మా ఊళ్ల సంగతి. ఘంటసాల ఒకప్పుడు రేవు. శాసనాల్లో కంటకసెల అని ఉంది. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన భూగోళంలోనూ ఈ పేరు వర్తక పట్టణంగా కనిపిస్తుంది. ఇక్కడ దొరికిన ఒక శాసనంలో శివకుడనే మహానావికుడున్నాడు. ఆ నావికుడు ఏ దేశం వెళ్లాడో గానీ మొహం చూపించే కాగితం మాత్రం పట్టుకెళ్లలేదు. తరవాత వెయ్యేళ్లకు పైగా గడిచాక పోర్చుగీసువాళ్లు వచ్చి, సముద్రంలో తిరిగే ఓడలన్నీ తమ దగ్గర 'కర్తాజ్' అనే పత్రం తీసుకోవాలన్నారు. గోల్కొండ సుల్తాను ఓడలకూ అది తప్పలేదు. అందులో ఓడ పేరు, నాయకుడి పేరు, ఎంత బరువు, ఏ ఆయుధాలు అన్నీ రాసేవారు. అది ఓడకు పాసు. మచిలీపట్నం రేవులో సరుకు మోసిన వాడికీ, ఉప్పు కొని లోపలి ఊళ్లకు తీసుకెళ్లిన వాడికీ ఏ పాసూ అక్కర్లేదు.

ఆ ఉప్పు తీసుకెళ్లిన వాళ్లలో మావాళ్లున్నారు. 'ఉప్పు ఎరుకల' అని మాలో ఒక తెగకు పేరే ఉంది. ఎద్దుల మీద, గాడిదల మీద తీరం నుంచి ఉప్పు, అటునుంచి ధాన్యం. ఏడాదికొకసారి ఊరికొచ్చే ఎరుకలవాళ్ల కోసం రైతులు ఎదురుచూసేవాళ్లు. మద్రాసు ప్రభుత్వం 1805లో ఉప్పును తన గుత్తాధికారం చేసుకుంది. ఆ తరవాత రైళ్లు వచ్చాయి. ఎద్దు మోసే ఉప్పుకంటే రైలు మోసే ఉప్పు చవక. బతుకుతెరువు పోయింది, తిరుగుడు మాత్రం మిగిలింది. పని లేకుండా తిరిగేవాడు సర్కారు కంటికి దొంగలా కనపడ్డాడు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి మద్రాసు రాష్ట్రంలోని కొరవ, ఎరుకలవాళ్ల మీద పెద్ద పుస్తకమే రాశారు. మమ్మల్ని 'నేరస్థ జాతి' చేసింది మా రక్తం కాదని, మా వర్తకం కూలిపోవడమని ఆమె కాగితాలతో చూపించారు. ఉపాధ్యాయ మిత్రులు సంపాదించి చదవదగ్గ పుస్తకం.

నేరస్థ జాతుల చట్టం మొదట 1871లో ఉత్తరాన వచ్చింది. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. ఎరుకలవాళ్లతో పాటు కొన్నిచోట్ల యానాదులూ దాని కింద పడ్డారు. చట్టం పనిచేసే తీరు తెలుసుకోవాలి. ముందు జాతిని ప్రకటిస్తారు. తరవాత మనిషి పేరు రిజిస్టరులో ఎక్కుతుంది. పక్కన వేలిముద్రలు. నేరం చేశాడా లేదా అని కాదు, ఫలానా ఇంట పుట్టాడా అన్నదే ప్రశ్న. రిజిస్టరులో ఉన్నవాడు చెప్పిన వేళకు హాజరు పలకాలి. హద్దు దాటాలంటే పాసు కావాలి. ఎక్కడికి వెళ్తున్నాడు, ఎన్నాళ్లు, ఎప్పుడొస్తాడు అన్నీ రాసి ఇచ్చే చీటీ. కూతురి పెళ్లికైనా చీటీ, చావుకైనా చీటీ. కొందరిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువార్టుపురం, సీతానగరం, కప్పరాళ్లతిప్ప, బిట్రగుంట, సిద్ధాపురం మన పెద్దలకు ఇళ్ల పేర్లంత పరిచయమైన ఊళ్లు.

ఆ రోజుల్లో వేలిముద్ర కొత్త విద్య. ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల కార్యాలయం 1897లో కలకత్తాలో పెట్టారు. ఆ పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు వచ్చింది గానీ, లెక్క కుదిర్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగులు. మా తాత పది వేళ్లిచ్చింది ఆ పద్ధతికే.

ఇక మొహం. 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాల ఫోటోల పుస్తకం సర్కారు అచ్చు వేసింది. 1857 తిరుగుబాటు తరవాత, ఈ దేశంలో ఎవరెవరున్నారో చూసుకోవాలన్న ఆత్రం ఏలేవాళ్లకు పెరిగిన కాలం అది. 1869లో లండన్‌లో లాంప్రే అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. చెక్క చట్రానికి పట్టుదారాలతో రెండంగుళాల గళ్లు కట్టి, దానిముందు మనిషిని బట్టల్లేకుండా నిలబెట్టి ఫోటో తీస్తే శరీరాన్ని కొలవొచ్చన్నాడు. 1890ల్లో అండమాన్‌లో పోర్ట్‌మన్ అనే అధికారి అక్కడి ఆదివాసులను నలుపు తెలుపు గళ్ల తెర ముందు నిలబెట్టి అలాగే తీశాడు. ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి. అదే కాలంలో పారిస్ పోలీసు శాఖలో బెర్టిలాన్ నేరస్థులను అదే తీరున తీయించాడు. తల కదలకుండా, వెలుతురు ఒకేలా, కెమెరా ఒకే దూరంలో. ఆదివాసిని కొలిచిన పద్ధతీ నేరస్థుణ్ణి పట్టే పద్ధతీ పక్కపక్కనే పెరిగాయి.

మన దగ్గర ఆ పని చేసింది ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు మ్యూజియం అధిపతి. తలలు, ముక్కులు కొలిచే పరికరాలు పెట్టుకుని ఊరూరూ తిరిగాడు. మద్రాసు పోలీసులకు శరీర కొలతల పాఠాలూ చెప్పాడు. రంగాచారితో కలిసి 1909లో 'దక్షిణ భారత కులాలు, తెగలు' ఏడు సంపుటాలు తెచ్చాడు. అందులో యానాదులున్నారు, చెంచులున్నారు, ఎరుకలవాళ్ల గురించి పేజీలకు పేజీలున్నాయి. మన పాత ఆచారాల గురించి రాయాలంటే నేటికీ ఆ పుస్తకం తెరవక తప్పదు, అది ఒప్పుకోవాలి. కానీ ఫోటోల కింద చూడండి. తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. కెమెరాలోకి సూటిగా చూస్తున్న ఆ యానాది పెద్దాయన ఎవరి తాతో మనకు తెలియదు.

ఇదంతా పాస్‌పోర్టుకేం సంబంధం అంటారా? ప్రభుత్వం ఇచ్చిన కాగితం మీద ఫోటో అంటించి 'ఇది జేబులో పెట్టుకుని తిరుగు' అనడం ఎక్కడ మొదలైందో వెతుకుతుంటే నాకు మారిషస్ కనిపించింది. కోరంగి రేవు నుంచీ మద్రాసు నుంచీ చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీలు అక్కడ చాలామంది. ఒప్పందం గడువు తీరిన కూలీలు కూడా ఫోటో అంటించిన టికెట్టు వెంట పెట్టుకోవాలని అక్కడి సర్కారు 1867లో చట్టం చేసింది. టికెట్టు లేకుండా దొరికితే జైలు. 1871లో ప్లెవిట్జ్ అనే తోటల యజమాని కూలీల తరఫున అర్జీ రాస్తే 9,401 మంది భారతీయులు దాని కింద సంతకాలో ముద్రలో పెట్టారు. ఆ ఫోటోలు ఇవాళ అక్కడి మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. మారిషస్ తెలుగువాళ్లు అక్కడికి వెళ్లి తమ ముత్తాతల మొహాలు వెతుక్కుంటారు. ఒకప్పుడు కట్టడికి తీసిన ఫోటో మనవడికి ఇంటి ఆస్తి అయింది.

దొరల పాస్‌పోర్టుల మీద మాత్రం అప్పటికి ఫోటోలు లేవు. మొదటి ప్రపంచ యుద్ధంలో గానీ రాలేదు. 1914లో లోడీ అనే జర్మన్ గూఢచారి ఒక అమెరికావాడి పాస్‌పోర్టు పట్టుకుని బ్రిటన్‌లో హాయిగా తిరిగాడు. కాగితం మీద మొహం లేదు కాబట్టి ఎవరిదైనా చెల్లింది. ఆ తరవాతే ఫోటో తప్పనిసరి చేశారు. మొదట్లో నియమాల్లేవు. టోపీ పెట్టుకుని దిగినవాళ్లు, కుటుంబమంతా కలిసి దిగిన ఫోటో అంటించినవాళ్లు, గుంపులోంచి తమ తల కత్తిరించి పంపినవాళ్లు, అన్నీ నడిచాయి. మారిషస్ కూలీని సూటిగా నిలబెట్టి తీసిన యాభై ఏళ్లకు కూడా పెద్దమనుషులకు ఈ వెసులుబాటు ఉంది. 1920లో పారిస్‌లో నానాజాతి సమితి సమావేశం పెట్టి పాస్‌పోర్టు పుస్తకం ఎలా ఉండాలో ఒక తీరు నిర్ణయించారు. ఆ ఏడే మన దేశంలోనూ పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అదే సమయంలో మా తాతల తరం ఊరు దాటడానికి చీటీ కోసం నిలబడి ఉంది.

మద్రాసు రాష్ట్రంలో నేరస్థ జాతుల చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. ఆ తరవాత పదిహేనేళ్లకు సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. అప్పటిదాకా పాస్‌పోర్టు అంటే ప్రభుత్వం దయ. ఇష్టమైతే ఇస్తుంది, లేకపోతే లేదు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి దీని మీద కోర్టుకెళ్లాడు. 1967 ఏప్రిల్ 10న తీర్పు వచ్చింది. విదేశానికి వెళ్లడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం, చట్టం లేకుండా దాన్ని ఆపకూడదు. ఆ తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు, మన తెలుగువాడు. మర్నాడే పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. ఆ ఏడాదే ఇప్పటి పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఊరు దాటడానికి చీటీ అడిగిన జాతి పిల్లాడు కూడా దేశం దాటడం నా హక్కు అనగలిగిన రోజు అది. మా కాలనీలో ఆ రోజు ఎవరికీ ఈ సంగతి తెలియలేదు. తెలిసినా పట్టుకెళ్లి చూపించడానికి కాగితాలేవి? ఉన్న కాస్త కాగితాలూ దివిసీమ వైపు చాలా ఇళ్లలో 1977 నవంబరు 19 ఉప్పెనకు పోయాయి. మా అమ్మది అంతకు ముందు ఫోటో ఒక్కటీ లేదు.

ఆ తరవాత కార్డులు వచ్చాయి. శేషన్ గారి కాలంలో 1993 నుంచి ఓటరు కార్డు మీద ఫోటో. దేశంలో మొదటి ఆధార్ 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలో నందుర్బార్ జిల్లా తెంభ్లీ అనే ఆదివాసి పల్లెలో ఒక ఆదివాసి స్త్రీకే ఇచ్చారు. మనవాళ్లకే మొదట ఇచ్చారని సంతోషించాలి. కానీ మన యానాది కుటుంబాల్లో ఆధార్ లేక రేషన్, పింఛను, కులం సర్టిఫికెట్ అందనివాళ్లు ఇంకా ఉన్నారన్న సంగతి ఈ పుస్తకం చదివే టీచర్లకు నేను చెప్పక్కర్లేదు. కార్డు ఉన్నా, పీతలు పట్టి, బుట్టలల్లి, ఇటుకలు మోసి వేళ్లు అరిగిపోయినవాళ్లకు మెషీన్ మీద ముద్ర పడదు. తాతల ముద్రలు పడ్డంత స్పష్టంగా మనవళ్లవి పడటం లేదు. వేలు పనిచేయని చోట మొహమే సాక్ష్యం. కాబట్టి ఆ మొహం సరిగ్గా ఉండాలి.

ఇప్పుడు ఫోటో నియమాలు ఎక్కడినుంచి వస్తున్నాయో చెప్తాను. మాంట్రియల్‌లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఉంది. మెషీన్ చదివే పాస్‌పోర్టు ఎలా ఉండాలో 1980 నుంచి అది పుస్తకం వేస్తోంది. కంప్యూటరు కళ్ల మధ్య దూరం, ముక్కు, గడ్డం కొలుచుకుంటుంది. నవ్వితే బుగ్గలు లేచి కొలత మారుతుంది, అందుకే నవ్వొద్దంటారు. వెనక తెలుపు ఎందుకంటే మొహం అంచు ఎక్కడో దానికి తెలియాలి. గళ్ల తెర పోయి తెల్ల తెర వచ్చింది, కొలిచే పని మాత్రం ఉంది. విదేశాల్లోని మన దౌత్య కార్యాలయాలు 2025 సెప్టెంబరు నుంచి ఈ కొలతలనే గట్టిగా అడుగుతున్నాయి. ఫోటోలో 80 నుంచి 85 శాతం మొహమే ఉండాలి, కెమెరా మీటరున్నర దూరంలో ఉండాలి, కళ్లు తెరిచి, నోరు మూసి, తల వంచకుండా, నీడ పడకుండా, కంప్యూటర్లో దిద్దకుండా.

ఈ చివరి మాట మన పిల్లలకు అన్నిటికంటే ముఖ్యం. స్టూడియోవాళ్లు అడగకుండానే మనల్ని తెల్లగా చేస్తారు. దీనికి వాళ్లను మాత్రమే తిట్టి లాభం లేదు. రంగు ఫిల్ముల కాలంలో కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది, దానిమీద తెల్లజాతి అమ్మాయి బొమ్మ. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. నల్లవాళ్లు నల్లటి మచ్చలా వచ్చినా చాలాకాలం పట్టించుకోలేదు. చాక్లెట్లు, చెక్క సామాన్లు అమ్మే కంపెనీలు తమ సరుకు ఫోటోలో సరిగ్గా రావడం లేదని గోల చేశాకే కదిలారట. మనుషులు చేసిన ఫిర్యాదు కంటే చాక్లెట్ ఫిర్యాదు బలమైంది! కంప్యూటర్లూ ఆ పక్షపాతం మోస్తాయి. 2016లో న్యూజిలాండ్‌లో ఆసియా సంతతి యువకుడి ఫోటోను కళ్లు మూసుకున్నాయని పాస్‌పోర్టు వెబ్‌సైటు తిప్పికొట్టింది. కళ్లు తెరిచే ఉన్నాయి.

నల్లటి మొహానికి కావలసింది తెల్ల రంగు కాదు, వెలుతురు. తలుపు ఎదురుగా, పగటి వెలుగు మొహం మీద రెండు వైపులా సమంగా పడేలా కూర్చోబెట్టాలి. గోడకు ఆనిస్తే వెనక నీడ పడుతుంది, ఒక అడుగు ముందుకు జరగాలి. తెల్లచొక్కా వేసుకుంటే తెల్లగోడలో భుజాలు కలిసిపోతాయి, ముదురు రంగు వేసుకోవాలి. కళ్లద్దాలు తీసేయాలి. హాస్టల్లో ఒక గోడకు తెల్లసున్నం కొట్టి ఉంచితే టీచరు ఫోనుతోనే పదిమంది పిల్లలకు స్కాలర్‌షిప్ ఫారాలకు పనికొచ్చే ఫోటోలు తీయొచ్చు, నేను తీశాను. పచ్చబొట్టును మాత్రం చెరపనివ్వకండి. మా ఎరుకల ఆడవాళ్లు ఊరూరూ తిరిగి పచ్చబొట్లు పొడిచినవాళ్లు. మా పెద్దమ్మ గడ్డం మీది మూడు చుక్కల్ని ఒక స్టూడియోలో మచ్చలనుకుని తుడిచేశారు. ఆ ఫోటో చూసి ఆమె 'ఈమె ఎవరు?' అంది. పాస్‌పోర్టు ఫారంలో కనిపించే గుర్తులు రాయమని ఒక గడి ఉంటుంది. అక్కడ రాయాల్సిన దాన్ని ఫోటోలో తుడిచేస్తే ఏం అర్థం?

గిరిజన విద్యార్థులు విదేశాల్లో చదవడానికి కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 20 మందికి స్కాలర్‌షిప్ ఇస్తుంది, అందులో మూడు అత్యంత వెనకబడిన ఆదిమ తెగలకు. మన పిల్లలు సీటొచ్చాక పాస్‌పోర్టుకు పరిగెత్తకుండా ఇంటర్‌లోనే తీసుకుని ఉంచుకోవాలి. పదో తరగతి తప్పినవాళ్లకు ఇంకో చిక్కుంది. వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని పడుతుంది. ఒమన్, కువైట్ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లు 1983 నాటి వలస చట్టం కింద విడిగా అనుమతి తీసుకోవాలి. కూలీని మోసం నుంచి కాపాడడానికే పెట్టారు, నిజమే. అయినా చదువుకున్నవాడు నేరుగా వెళ్తాడు, చదువు లేనివాడు చీటీ కోసం ఆగుతాడు.

పిల్లాడి రెండో ఫోటోకి మా అమ్మను ఒప్పించడానికి నాకు ఇదంతా చెప్పాల్సి వచ్చింది. ఆమె సగం విని, 'అయితే ఈసారి వాళ్లు అడిగారా, మనం అడిగామా?' అంది. మనమే అడిగామన్నాను. ఇస్తే ఏమిస్తారంది. పుస్తకం ఇస్తారు, వాడి పేరు, వాళ్ల అమ్మానాన్నల పేర్లు ఉంటాయన్నాను. 'పేరు రాస్తారా?' అని రెండుసార్లు అడిగింది.

వసారాలో తెల్లదుప్పటి పరిచి పిల్లాణ్ణి పడుకోబెట్టాం. పైనుంచి తీస్తే వెనకంతా తెలుపే, పట్టుకోవడానికి చేయీ అక్కర్లేదు. దిష్టిచుక్క లేకుండా కుదరదంది మా అమ్మ. బుగ్గమీది చుక్క తుడిచి కాటుక అరికాలికి పెట్టింది. పన్నెండో ఫోటోకి వాడు నోరు మూసి సూటిగా చూశాడు. నల్లగా, తన రంగులోనే వచ్చాడు. కౌంటరులో ఆ ఫోటో తీసుకున్నారు.

తిరిగొచ్చిన మొదటి ఫోటోను పారేయబోతే మా అమ్మ లాక్కుంది. దాన్ని పెద్దది చేయించి గోడకు పెట్టమంది. తెల్లగా చేసింది కాదు, మొదట తీసిందే కావాలంది. స్టూడియో అబ్బాయి దగ్గర ఇంకా ఉంటే బాగుండు. నీలం తెర, బుగ్గమీద రూపాయి బిళ్లంత చుక్క, చంకల కింద మా మేనకోడలి నాలుగు వేళ్లు, అన్నీ ఉన్నది.